శుక్రవారం మధ్యాహ్నం పట్టని సీసా

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఫోన్ చేసి అడిగేవి రెండే. ఏ కోర్సు చేస్తే తొందరగా వీసా వస్తుంది, ఏ మీటరు నేర్చుకుంటే మంచి కంపెనీలో తీసుకుంటారు. రెండింటికీ నా దగ్గర గట్టి జవాబు లేదు. కోర్సులు మారిపోయాయి, మీటర్లు అంతకంటే తొందరగా మారుతున్నాయి. మారని పని ఒకటుంది. మనిషి నీళ్ల దగ్గరికి వెళ్లాలి, సీసాలో పట్టాలి, ఎక్కడ పట్టాడో ఎప్పుడు పట్టాడో రాయాలి. సౌదీలో ఇరవై ఆరేళ్లు నేను చేసిన ఉద్యోగం అదే. కాగితాల మీద ఎన్విరాన్‌మెంట్ టెక్నీషియన్. లేబర్ కాంపులో మాత్రం 'నీళ్ల సాబ్' అనేవాళ్లు.

మాది నంద్యాల దగ్గర పల్లె. మా నాన్న ఊరి మసీదులో అజాన్ ఇచ్చేవారు. పొద్దున తెలుగు బడి, సాయంత్రం మసీదు అరుగు మీద అరబ్బీ పాఠం. తూకం తక్కువ వేసేవాళ్లకు దైవగ్రంథంలో ఉన్న హెచ్చరిక పదేళ్లు నిండకముందే కంఠతా పట్టాను. అప్పట్లో అది కిరాణా కొట్టువాళ్లకు చెప్పిన మాట అనుకునేవాణ్ణి. తర్వాత కొలవడమే నా బతుకుతెరువు అయ్యాక ఆ మాట నాకే చెప్పినట్టు వినిపించేది. నా నమ్మకం, నా ఉద్యోగం ఎన్నడూ రెండు వేరు గదుల్లో లేవు. నేను చేసిన అన్నిటికన్నా పెద్ద తప్పు కూడా ఆ రెండూ కలిసే చోటే జరిగింది. ఇది రాయడం దాని కోసమే.

టాంకరు నీళ్లు

మొదటి నాలుగేళ్లు రియాద్‌లో, మలాజ్ పేటలో. టైర్ల షాపు పైన ఒక చిన్న ప్రైవేటు ల్యాబు. మా పెద్దాయన ఈజిప్టు కెమిస్టు. చేరిన నెలరోజులూ నన్ను ఏ యంత్రాన్నీ ముట్టుకోనివ్వలేదు. సీసాలు కడిగించాడు, అంతే. బీఎస్సీ చదివి సీసాలు కడగడమేమిటని లోలోపల గింజుకున్నాను.

రెండో నెలలో ఖర్జ్ అనే ఊరికి పంపాడు. అక్కడ పెద్ద పెద్ద పాలకేంద్రాలున్నాయి. వేల ఆవుల పేడనీళ్లు ఇసుకలోకి దిగి, చుట్టుపక్కల బావులు పాడవుతున్నాయని ఒక ఖర్జూర తోట యజమాని ఫిర్యాదు. తోటకు వెళ్లాను. బోరు పంపు ఆగి ఉంది. ఆపరేటరు భోజనానికి వెళ్లాడు. ఎండ మండుతోంది. పక్కనే కుళాయి కనబడితే తిప్పి సీసాలు నింపుకుని వచ్చేశాను. పరీక్షలో నీళ్లు శుభ్రంగా వచ్చాయి.

పెద్దాయన కాగితం చూసి అడిగాడు, "పంపు ఎంతసేపు నడిపించాక పట్టావు?"

"నడపలేదు సార్. కుళాయిలో పట్టాను."

"ఆ కుళాయి దేనిది?"

నాకు తెలియదు. ఆయన తోటవాడికి ఫోన్ చేశాడు. అది ఇంటి ట్యాంకు కుళాయి. ట్యాంకులోకి వారానికోసారి టాంకరుతో మంచినీళ్లు పోయిస్తారు. పెద్దాయన ఫోన్ పెట్టేసి, "ఖర్జ్ దాకా వెళ్లి టాంకరు నీళ్లు తెచ్చావు. కింద టీ కొట్టులోనూ అవే ఉన్నాయి, ఈసారి నుంచి అక్కడే పట్టుకో" అన్నాడు. ల్యాబులో వాళ్లందరూ నవ్వారు. మళ్లీ వెళ్లి, పంపు అరగంట నడిపించి పట్టుకొచ్చాను. తోట యజమాని చెప్పింది నిజమే. నేను మొదట తెచ్చిన కాగితమే పైకి వెళ్లి ఉంటే, శుభ్రమైన నీళ్ల మీద అబద్ధపు ఫిర్యాదు చేశాడన్న పేరు ఆ మనిషికి ఉండిపోయేది.

సీసా ఎక్కడ ముంచామన్నది ఆ రోజు నుంచి మరిచిపోలేదు. ఎప్పుడు ముంచామన్నది కూడా అంత ముఖ్యమేనని తెలియడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

తీరం మీద పని

తర్వాత తూర్పు తీరానికి వచ్చాను. ధహ్రాన్ దాటి పైకి వెళితే సముద్రం ఒడ్డున వరసగా ఫ్యాక్టరీలు. వాటిలో ఒకదానిలో నా ఉద్యోగం. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. సముద్రపు నీళ్లు లోపలికి తీసుకుని, యంత్రాలను చల్లబరిచి, ఒక సిమెంటు కాలువ గుండా మళ్లీ సముద్రంలోకి వదిలేవాళ్లు. ఆ కాలువ చివర నీళ్లు ఎలా ఉన్నాయో రోజుకు ఆరుసార్లు చూడడం నా పని. అక్కడ ఒక మీటరు కూడా బిగించి ఉండేది. అది వేడిని, నీళ్ల పులుపును, అంటే పీహెచ్‌ను, తనంతట తనే రాసుకునేది. మీటర్లు తప్పుతాయి కాబట్టి చేత్తో పట్టిన సీసా తప్పనిసరి.

నేను వచ్చిన కొత్తలో కాలువ చివర ఏముందని అడిగేవాళ్లు లేరు. చివరి పదేళ్లలో చాలా మారింది. నిబంధనలు గట్టిపడ్డాయి, తనిఖీలు పెరిగాయి. తీరం పొడవునా మడ మొక్కలు నాటే కార్యక్రమాలు వచ్చాయి. ఉప్పునీటి బురదలో పెరిగే చెట్లివి. వాటి వేళ్లలో రొయ్య పిల్లలు, చేప పిల్లలు పెరుగుతాయి. మా కంపెనీ కూడా కాలువ మూతి పక్కన ఒక మడ తోట మొదలుపెట్టింది. పెద్ద అధికారులు వచ్చి, బూట్లకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, తలా ఒక మొక్క నాటి ఫొటోలు దిగారు. దాన్ని వెక్కిరించిన వాళ్లున్నారు. నేను వెక్కిరించలేదు. ఫొటో కోసం నాటినా మొక్క మొక్కే. అయితే ఫొటో దిగినవాళ్లు వెళ్లిపోయాక దాన్ని బతికించే మనిషి ఒకడు కావాలి.

ఆ మనిషి పోశెట్టి. నిర్మల్ వైపు నుంచి వచ్చినవాడు, యాభై దాటాయి. మా కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి. విత్తనాలు ఏరి, సంచుల్లో మొలిపించి, ఆటుపోట్లు చూసుకుని బురదలో నాటేవాడు. ఊళ్లో నారు పోసిన చెయ్యి. ఎవరూ నేర్పకుండానే, మొక్కను ఏ మట్టానికి నాటితే పోటు నీళ్లు ముంచెయ్యకుండా తడిపి వెళతాయో కనిపెట్టాడు.

ఇంకొకరిని కూడా ఇక్కడే చెప్పాలి. షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఇంతియాజ్. హైదరాబాద్ మనిషి, మాట మెత్తన, పనిలో చురుకు. శుక్రవారం డ్యూటీ నేను అడిగి తీసుకునేవాణ్ణి, ఆదివారం సెలవు పెట్టుకునేవాణ్ణి. ప్రతి శుక్రవారం పదకొండున్నరకు ఇంతియాజ్ కారు ల్యాబు ముందు ఆగేది. "చలో భాయ్, ఖుత్బాకు టైం అవుతోంది" అని పిలిచేవాడు. ఇద్దరం కలిసి జుమా నమాజుకు వెళ్లేవాళ్లం. ఖుత్బా ప్రసంగం విని, నమాజు చదువుకుని, ఎక్కడైనా మంది అనే మాంసం అన్నం తిని తిరిగి వచ్చేసరికి రెండయ్యేది. అలా కలిసి వెళ్లిన ఎనిమిదేళ్లలో నేను జుమా తప్పిన శుక్రవారాలు రెండో మూడో, అవీ జ్వరం వచ్చి. దాని గురించి నాకు కొంత గర్వం ఉండేది. ఆ గర్వాన్ని అప్పుడు నేను గర్వం అనుకోలేదు.

మాడిన ఆకులు

మడ తోటలో రెండో ఏడు మొక్కలు చావడం మొదలైంది. అన్నీ ఒక్కసారిగా కాదు. కాలువ మూతికి దగ్గరున్న వరసలు ముందు పోయాయి. ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగి, రాలిపోయి, కాడ నిలబడి ఉండేది. పోశెట్టి వాటిని పీకి కొత్తవి నాటేవాడు. అవీ పోయేవి.

తనిఖీ దగ్గర పడుతోంది. మా విభాగం అధిపతి అబూ సాలెహ్ నన్ను పిలిచాడు. ఆయన సౌదీ మనిషి, ఇంజనీరు, తక్కువ మాట్లాడేవాడు. "కాలువ నీళ్లలో ఏమైనా ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. "రాసి ఇవ్వగలవా?" అన్నాడు. గత ఏడాది ఫలితాలన్నీ పట్టిక వేసి, అన్నీ హద్దులోనే ఉన్నాయని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం కాంట్రాక్టరుకు వెళ్లింది. నీళ్లు మంచివైతే తప్పు తోటమాలిది. పోశెట్టికి ఎగ్జిట్ వీసా కొట్టించి ఇంటికి పంపాలని వారంలో నిర్ణయమైపోయింది. పనిలో నిర్లక్ష్యం అని కారణం రాశారు.

నా సంతకం వల్ల ఒక మనిషి ఇంటికి పోతున్నాడని నాకు మూడు రోజుల తర్వాత తెలిసింది. అయినా తప్పు చేశానని అనిపించలేదు. ఉన్నదే రాశాను కదా అనుకున్నాను. ఒక మాట చెప్పి వద్దామని తోట దగ్గరికి వెళ్లాను. పోశెట్టి సంచుల్లో మట్టి నింపుతున్నాడు. పోయేవాడైనా పని ఆపలేదు.

"ఏం పోశెట్టీ, వాటికి మందు గిందు ఏమన్నా కొట్టినావా?" అని అడిగాను.

"మందెక్కడిది సార్. మందు మా ఊర్ల మక్కజొన్నకు కొడ్తం. వీటికి కొడితే చాపలు మీదికొచ్చి తిడ్తయి."

"మరి ఎందుకు సచ్చిపోతాండాయి?"

"అదే మా రూంల కూడ అడుగుతున్నరు. మొక్కల డాక్టరని పేరు పెట్టిండ్రు నాకు. పేషెంట్లు ఒక్కరు బతుకుత లేరని నవ్వుతున్నరు."

"ఎప్పుడు ప్రయాణం?"

"పదైదు రోజులన్నరు. బిడ్డ నర్సు చదువుతాంది సార్, ఇంక రెండేండ్లుంది. ఈ కాయిదం మీద నిర్లక్ష్యం అని రాసినంక మళ్ల ఏ కంపిని రానిస్తది నన్ను, ఈ వయసుల." చేతికున్న మట్టి దులుపుకున్నాడు. "మీరు నీళ్లు మంచిగున్నయని రాసిండ్రంట కద."

"నేను రోజూ చూస్తాండా పోశెట్టీ. బాగనే ఉండాయి."

అతను ఇంకో సంచిలో మట్టి నింపాడు. తర్వాత నా మొహంలోకి చూడకుండా అన్నాడు, "మీరు చూసేటప్పుడు మంచిగనే ఉంటయి సార్."

"అంటే?"

"అంటే ఏం లేదు. మీరు చూసేటప్పుడు మంచిగుంటయి."

ఎంత అడిగినా ఇంకో మాట చెప్పలేదు. సంచి తీసుకుని అటు వెళ్లిపోయాడు.

నా చేతిరాత

తిరిగి వచ్చి లాగ్‌బుక్కులు ముందేసుకున్నాను. ఎనిమిదేళ్లవి. అంతకుముందు వాటిని ఎప్పుడు తీసినా ఫలితాల గడులే చూసేవాణ్ణి. ఆ రోజు మొదటిసారి వేళల గడి ఒక్కటే చూసుకుంటూ వెళ్లాను. నేను చూడని వేళ ఏదని నన్ను నేను అడుగుతున్నాను.

వెతకడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ప్రతి శుక్రవారం పదకొండు గంటలకు ఒక సీసా. ఆ తర్వాతది రెండున్నరకు. మధ్యలో ఏమీ లేదు. ఒక్క వారం కూడా లేదు. ఎనిమిదేళ్లు అదే చేతిరాత, అది నాదే.

మీటరు ఉంది కదా అనుకుని దాని రికార్డు తెరిచాను. మీటరుకు వారానికోసారి కొలత సరిచూసే పని ఉంటుంది. ఆ రెండు గంటలు అది కొత్తగా ఏమీ రాయదు, ఆఖరి అంకెనే పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆ పని శుక్రవారం పదకొండున్నర నుంచి ఒకటిన్నర దాకా పెట్టి ఉంది. ఎవరు పెట్టారో చూశాను. ఎనిమిదేళ్ల కిందటి అభ్యర్థన పత్రం. ఆ వేళకు పని తక్కువ, మనుషులు నమాజుకు వెళతారు, అదే అనుకూలమైన సమయం అని రాసి ఉంది. కింద సంతకం నాది. పక్కన, సమ్మతిస్తూ, ఇంతియాజ్‌ది.

కుర్రవాళ్లకు ఇది అర్థం కావాలి. ఎవరూ నన్ను మోసం చెయ్యనక్కర్లేదు. మీటరు కన్ను, నా కన్ను రెండూ ఒకే వేళకు నేనే మూశాను. అది నాకు చెడ్డపనిలా అనిపించలేదు. నా రోజంతా నమాజు వేళల చుట్టూ అల్లుకుని ఉంటుంది కాబట్టి, లోకం పని కూడా ఆ వేళకు ఆగిపోతుందని అనుకున్నాను. కాలువ ఆగదు.

ఇమాం గారి ప్రశ్న

చెయ్యాల్సింది తేలికే. శుక్రవారం పన్నెండున్నరకు కాలువ దగ్గర ఉండి సీసా పట్టాలి. ఆ తేలికైన పనికి రెండు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. ఆరోగ్యంగా ఉన్నవాడు, మసీదు పక్కనే ఉన్నవాడు జుమా వదలడం మా ఇంట్లో ఊహకు కూడా రానిది. మా నాన్న నడవలేని రోజుల్లో కూడా ఒకరి భుజం పట్టుకుని వెళ్లేవారు.

మా మసీదు ఇమాం సూడాన్ మనిషి. మధ్యాహ్నపు జుహర్ నమాజు అయ్యాక ఆగి, సంగతి చెప్పాను. ఆయన సలహా చెప్పకుండా ప్రశ్న వేశాడు.

"మీ ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉంటాడు కదా. అతను జుమాకు వస్తాడా?"

"అందరూ రారండి. ఒకడు గేటు దగ్గరే ఉండి అక్కడే జుహర్ చదువుకుంటాడు."

"అతని మీద తప్పుందంటావా?"

"లేదు. గేటు వదిలితే నష్టం కదా."

"నీ కాలువకు గేటు లేదా?"

ఆయన లేచి చెప్పులు వేసుకుంటూ ఇంకొక మాట అన్నాడు. "ప్రతి శుక్రవారం నువ్వే ఉండిపోకు. అప్పుడు అది నీకు సాకు అవుతుంది. వంతులు వేసుకోండి."

మత పెద్దలను ఇలాంటివి అడగడానికి ఈ వృత్తిలో చాలామంది మొహమాటపడతారు. రసాయనాల సంగతి వాళ్లకేం తెలుసనుకుంటారు. తెలియక్కర్లేదు. కాపలా అంటే ఏమిటో తెలిస్తే చాలు.

ఆ శుక్రవారం

పదకొండుంబావుకే సీసాల పెట్టె తీసుకుని కాలువ చివరకు నడిచాను. ఇంతియాజ్‌కు ముందుగా చెప్పలేదు. అబద్ధం ఆడటం ఇష్టం లేదు, నిజం చెప్పడం కుదరదు, షిఫ్టు అతని చేతిలోనే ఉంది. పోశెట్టి నీడలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "ఇయ్యాల నమాజు లేదా సార్?" అన్నాడు. ఉందన్నాను.

పన్నెండు కావస్తుండగా నీళ్ల రంగు మారింది. మార్పు పెద్దది కాదు, పలచని పాలనీళ్లలా. తర్వాత నురగ, దాంతో పాటు ముక్కు లోపల గుచ్చుకునే వాసన. పోశెట్టి మెడలో తువ్వాలు ముక్కుకు కట్టుకున్నాడు. అలవాటైన పనిలా కట్టుకున్నాడు. పీహెచ్ కాగితం ముంచితే క్షణంలో ఎర్రబడింది. యాసిడ్. ఫ్యాక్టరీలో గొట్టాలు యాసిడ్‌తో కడిగిన నీళ్లను ముందు ఒక గుంటలో పట్టి, కాస్టిక్ సోడా కలిపి, దాని గుణం చంపాకే కాలువలోకి వదలాలి. ఇవి గుణం చంపని నీళ్లు.

రెండో సీసా పడుతుండగా ఫోన్ మోగింది.

"ఎక్కడున్నారు భాయ్? ల్యాబు ముందు అరగంట నుంచి చూస్తున్నా. ఖుత్బా మొదలైపోయింది."

"కాలువ దగ్గర ఉన్నాను."

కారు ఏసీ చప్పుడు వినబడుతోంది.

"జుమా రోజు కాలువ దగ్గర ఏం పని భాయ్?"

"శాంపిల్."

ఫోన్ కట్ అయింది. పావుగంటలో నీళ్లు తేటబడ్డాయి. ఎవరో వెళ్లి వాల్వు మూసినట్టే. అప్పటికి నా దగ్గర మూడు సీసాలు నిండి ఉన్నాయి. మూతల మీద వేళ రాసి, పెట్టెలో పెట్టి, అక్కడే ఉన్న కుళాయి దగ్గర కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకున్నాను. పోశెట్టి సిమెంటు గచ్చు మీద ఒక అట్టముక్క పరిచి పక్కకు జరిగాడు. దాని మీద జుహర్ చదువుకున్నాను. ఒంటరిగా చదివిన ఆ నమాజు గురించి ఇంతకంటే చెప్పను.

రెండో పేరా

ఆదివారం నా సెలవైనా వచ్చి, రిపోర్టు రాసి అబూ సాలెహ్ ముందు పెట్టాను. మొదటి పేరాలో మూడు సీసాల ఫలితాలు. రెండో పేరాలో ఎనిమిదేళ్లుగా శుక్రవారం మధ్యాహ్నం శాంపిల్ లేదని, శాంపిల్ తీయాల్సిన నేను నమాజుకు వెళ్లేవాణ్ణని, మీటరు ఆపే వేళ కూడా నేనే అడిగి పెట్టించుకున్నానని, కాబట్టి ఇంతకుముందు నేను సంతకం చేసిన పట్టికను ఆ వేళకు సాక్ష్యంగా తీసుకోకూడదని రాశాను.

ఆయన రెండుసార్లు చదివాడు. "మొదటి పేరా చాలు" అన్నాడు.

"చాలదండి. అదొక్కటే ఉంటే, ఒక శుక్రవారం ఏదో పొరపాటు జరిగిందంటారు. అంతకుముందు చచ్చిన మొక్కలు పోశెట్టి ఖాతాలోనే ఉంటాయి. నా పాత కాగితం ఇంకా అతని ఫైల్లో ఉంది."

"రెండో పేరా పైకి వెళితే నీ ఉద్యోగం గురించి ప్రశ్నలు వస్తాయి."

"రానివ్వండి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "అది కూడా కాదు నా బాధ. ఇది తనిఖీవాళ్లు చదువుతారు, బయటి దేశాల ఆడిటర్లు చదువుతారు. నమాజు వేళకు కాలుష్యం వదిలారు అని ఒక ముక్క మాత్రం తీసుకుని నాలుగు చోట్ల చెబుతారు. నువ్వు మతానికి కట్టుబడినవాడివి. అది నీకు సమ్మతమేనా?"

ఈ ప్రశ్నకు సిద్ధపడి వెళ్లలేదు. ఉద్యోగం పోతుందంటే ఉన్న ధైర్యం ఈ మాటకు కొంచెం తగ్గింది. అయినా చెప్పాను. "నమాజు మీద తప్పు రాయలేదండి. నేను వెళ్లేముందు నా చోట ఇంకొకరిని నిలబెట్టలేదు, అది రాశాను. దాచిపెడితే మాత్రం నమాజు పేరు చెప్పుకుని దాక్కున్నవాణ్ణి అవుతాను."

ఆయన కలం తీసి, రెండు పేరాల కిందా సంతకం పెట్టాడు. మంచి అధికారి అంటే ఎలా ఉంటాడని ఎవరైనా అడిగితే ఆ సంతకం గుర్తొస్తుంది. దాని వల్ల ఆయనకు వచ్చిన తలనొప్పులు నాకు తెలుసు. నాతో ఒక్కసారీ అనలేదు.

వాల్వు తెరిపించింది ఇంతియాజే అని విచారణలో తేలింది. అతన్ని ఆ పదవి నుంచి తీసేసి వేరే యూనిట్‌కు మార్చారు. వెళ్లేముందు నా గదికి వచ్చాడు. "పక్కపక్కన నిలబడి నమాజు చదివాం భాయ్. ముందు నన్ను ఒక్క మాట అడిగి ఉంటే ఆపేసేవాణ్ణి" అన్నాడు. ఆపేసేవాడేమో. శుక్రవారం షిఫ్టులో అతనికి ఇద్దరే మనుషులు, గుంట చిన్నది, గుణం చంపడానికి సగం రోజు పడుతుంది. రెండో గుంట కావాలని అతను అడిగిన కాగితాలు కూడా ఫైల్లో దొరికాయి. చెడ్డవాడని నేను అనను. అయితే వాల్వు తిప్పమని మనుషులకు చెప్పి వచ్చి నా భుజానికి భుజం ఆనించి నిలబడ్డాడు. దానికి లెక్క అడిగేవాడు నేను కాదు. నా లెక్క నాకుంది.

తర్వాత రెండో గుంట తవ్వారు. మీటరు సరిచూసే వేళ వారం వారం మార్చేలా పెట్టారు. శుక్రవారాలకు వంతుల పట్టిక వచ్చింది. నన్ను కాలువ నుంచి తీసి, గాలి కొలిచే కేంద్రంలో కూర్చోబెట్టారు. అది శిక్షేనని అందరికీ తెలుసు. న్యాయమైన శిక్ష అని నేను అనుకున్నాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. మీరు దేన్ని పవిత్రంగా చూస్తారో, అక్కడే మీ లాగ్‌బుక్కులో ఖాళీ ఉంటుంది. కొందరికి అది నమాజు, కొందరికి పండగ, కొందరికి మధ్యాహ్నపు నిద్ర. ఆ ఖాళీని మీకంటే ముందు ఇంకొకరు చదివి ఉంటారు. ముందు మీ వేళలు మీరు చదువుకోండి.

పోశెట్టి చెప్పింది

పోశెట్టి ఎగ్జిట్ రద్దయింది. ఫైల్లోంచి నిర్లక్ష్యం అన్న మాట కొట్టేయించడానికి ఇంకో నెల పట్టింది. అబూ సాలెహ్ మూడుసార్లు కాంట్రాక్టరును పిలిపించాడు. ఆ కాగితం పట్టుకుని నేనే తోటకు వెళ్లాను. పోశెట్టి మోకాళ్ల లోతు బురదలో ఉన్నాడు. కాగితం తడవకుండా దూరం నుంచే చూపించి, చదివి వినిపించాను. మంచిదే సార్ అన్నాడు.

గట్టు మీద కూర్చుని, ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అడిగాను. "ఇన్నాళ్లు ప్రతి శుక్రవారం చూస్తాంటివి కదా పోశెట్టీ. ఇంటికి పంపిస్తామన్నాక కూడా ఒక్క మాట చెప్పకపోతివి. ఎందుకు?"

అతను ఒక మొక్క మొదట్లో బురద అదిమాడు. పక్క మొక్క దగ్గరికి జరిగి అక్కడా అదిమాడు.

"మీకు తెలుసనుకున్నం సార్" అన్నాడు. "నేనొక్కన్నే కాదు, మా రూంల అందరం గట్లనే అనుకున్నం. సాబ్ మంచోడు, దేవుని మనిషి, ఆ నీళ్లు ఇడిసేది చూడలేక ఆ యాళకు లేసి పోతడు అని."

నాకు తెలియదు పోశెట్టీ అని చెప్పాను.

"అవునా సార్" అన్నాడు.

తల ఊపి మళ్లీ పనిలో పడ్డాడు. అతను నమ్మాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.